ఇంజన్ మొహాన బొట్టు

మా ఆడబిడ్డ పోయింది. భాద్రపదంలో ఒక మంగళవారం మధ్యాహ్నం, మిర్యాలగూడ స్టేషన్ రోడ్డులోని తన కుట్టుమిషన్ల రిపేరు దుకాణంలో, స్టూలు మీద కూర్చున్నది కూర్చున్నట్టే గోడకు ఒరిగి పోయింది. చేతిలో స్క్రూడ్రైవర్ ఉందట. పక్క జిరాక్స్ దుకాణం ఆమె చూసి, కునుకు తీస్తున్నదనుకుని, పెద్దమ్మను లేపొద్దని గంటసేపు వచ్చినవాళ్లను వచ్చినట్టే వెనక్కి పంపిందట. సూర్యాపేటలో ఉన్న నాకు ఆ కబురు కోదాడ మీదుగా వచ్చింది. కోదాడలో ఉండే మా మరిది ఫోన్ చేసి, "వదినా, అక్క ఇగ లేదు" అన్నాడు. "దుకాణం తాళం ఎవరేసిండ్రు?" అని అడిగాను. అవతల అతను ఏడుస్తున్నాడు. నన్ను రాయి అనుకుని ఉంటాడు. అనుకోనీ. ఆమె ఉండి ఉంటే మొదట అడిగే మాట అదే. ఆమె తరఫున నేను అడిగాను.

పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని, ఉన్నది ఉన్నట్టు రాయడమే వచ్చు. మా ఆడబిడ్డ నోరు మంచిది కాదు. నాదీ కాదు. ఆ రెండు నోళ్లూ నలభై ఐదేళ్లు ఒకదాన్నొకటి భరించాయి. మా ఆయనకు అక్క కాబట్టి వరసకు నాకు వదిన. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దది. డెబ్భై నిండిన నన్ను మొన్నటి చివరి ఫోన్లో కూడా "పిల్లా" అనే పిలిచింది. ఇప్పుడు నన్ను అట్లా పిలిచే మనిషి భూమ్మీద లేదు. పెద్దరికం అంటే ఇదే కాబోలు. ఏం బాగాలేదు.

దుకాణం మొదట వాళ్లాయనది. ఆయన సైకిల్ మీద వేములపల్లి, హాలియా దాకా తిరిగి దర్జీల మిషన్లు బాగుచేసేవాడు. ఆయన ఊళ్లు తిరుగుతుంటే ఈమె దుకాణంలో కూర్చుని, చూసి చూసి పని పట్టింది. ఆయనకు చూపు మందగించాక సన్నపనంతా ఆమెదే. బోర్డు మీద పేరు మాత్రం ఆయనది. నీ పేరు కూడా రాయించుకోరాదా అని నేనంటే, బోర్డు చూసి సూది దిగదు, చేతిని చూసి దిగుతుంది అనేది.

ఆయన పోయినప్పుడు ఆమెకు యాభై నిండలేదు. పిల్లలు లేరు. పదకొండో రోజు ఏం చేస్తారో మీకు తెలుసు. తెలిసిన సంగతే గదా అని ఎవరూ రాయరు. నేను రాస్తున్నాను. నలుగురు ఆడవాళ్లు ఆమెను పీట మీద కూర్చోబెట్టి, గాజులు పగలగొట్టి, తడిగుడ్డతో బొట్టు తుడిచారు. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. ఆ నెలలోనే బడిలో పిల్లల చేత మూఢనమ్మకాల మీద వ్యాసం రాయించాను. బాగా రాసినవాళ్లకు పెన్నులు కూడా ఇచ్చాను. అయినా ఎవరో "గా నీళ్ల చెంబు ఇటియ్యవే" అంటే తీసి ఇచ్చాను. ఆ నీళ్లతోనే గుడ్డ తడిపారు. ఆమె తలెత్తి నన్ను చూసింది. తిట్టలేదు. ఆమె నన్ను చూసి కూడా తిట్టని రోజు ఈ నలభై ఐదేళ్లలో అదొక్కటే.

పన్నెండో రోజు దుకాణం తెరిచింది. ఆ ఏడు దసరాకు పనిముట్లకు బొట్లు ఎవరు పెట్టాలని ఇంట్లో పెద్ద చర్చ నడిచింది. కోదాడ నుంచి తమ్ముణ్ణి పిలిపించమన్నారు. ఆమె పిలిపించలేదు. నీళ్లతో కలిపితే ఇనుము తుప్పు పడుతుందని కుంకుమను మిషన్ నూనెతో కలిపి, ఉంగరం వేలితో ఒక్కొక్క మిషన్‌కూ పెట్టుకుంటూ పోయింది. అన్నీ అయ్యాక వేలికి ఇంకా కాస్త మిగిలింది. అటూ ఇటూ చూసి నుదుటికి రాసుకుంది.

"గుడ్డకు తుడిస్తే మరక అయితది. గీడ తుడిస్తే ఏమైతది?" అన్నది.

ఏడాదికి ఒక్క రోజు, ఒక్క బొట్టు. వాడకట్టు దానికి అలవాటు పడటానికి పదేళ్లు పట్టింది.

ఇంజన్ సంగతి ఆ తర్వాతది. పాత ఇనుము వ్యాపారి దగ్గర మిషన్ విడిభాగాలు సంచుల కొద్దీ తూకానికి కొనడం ఆమెకు అలవాటు. ఒకసారి సంచి అడుగున జానెడు పొడుగు నల్ల రైలింజన్ ఒకటి దొరికింది. ఆరు చక్రాలుండాల్సిన చోట అయిదున్నాయి. పొగగొట్టం విరిగిపోయి ఉంది. పిల్లలు ఈడ్చుకుని ఆడే ప్లాస్టిక్ బొమ్మ కాదు, అసలు ఇంజన్‌ను కుదించి చేసినట్టున్న రేకు ఇంజన్. కడుపులో కరెంటు మోటారు ఉంది. ఎవరింట్లో ముచ్చటపడి కొన్నదో, ఎందుకు తూకంలో పడిందో సంచి అమ్మినవాడికీ తెలియదు. ఇంకెవరైనా అయితే పక్కింటి పిల్లలకు పడేసేవారు. ఈమె కిరోసిన్‌లో తడిపిన కుంచెతో మూడు రోజులు మట్టి తీసింది. అడుగున సన్నటి అక్షరాలు బయటపడ్డాయి. ఆమె చదివింది అయిదో తరగతి, ఇంగ్లీషు రాదు. అక్షరాల మీద పల్చని కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకుంది. ఆ కాగితం, పాత చీరముక్కలో చుట్టిన ఇంజన్ పట్టుకుని బస్సెక్కి సూర్యాపేటకు నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు సదువుకున్నవ్ గద. గిదేందో సెప్పు" అన్నది.

నాకు కొంచెం గర్వం వచ్చిన మాట నిజం. కళ్లజోడు పెట్టుకుని చదివాను. ఎవరో విదేశీ కంపెనీవాళ్ల పేరు. దాని పక్కన నాలుగంకెలు. ఇంకేం, అది తయారైన సంవత్సరమని తేల్చేశాను. మన తాతల కాలం నాటిదనీ, అద్దాల పెట్టెలో ఉండాల్సిందనీ, దీని విలువ మిర్యాలగూడలో ఎవరికీ తెలియదనీ ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆమె చాయ్ తాగుతూ అంతా విన్నది. తర్వాత ఇంజన్‌ను వెల్లకిలా తిప్పి గోటితో ఒకచోట చూపించింది.

"గీ ఇస్కూరు నెత్తి మీద ఏమున్నది?"

"ప్లస్ గుర్తున్నది."

"నువ్వు జెప్పిన సాలు నాటి మిషన్లు నా దుకాణంల ఇప్పటికి మూడున్నయి. ఒక్కదానికన్న ప్లస్ ఇస్కూరు లేదు. అన్ని అడ్డగీతవే."

తర్వాత ఎవరన్నా మార్చి ఉంటారని నేను వాదించాను. ఉండొచ్చు, కొన్ని మార్చిండ్రు అని ఒప్పుకుని, మార్చని వాటిని చూపించింది. ఒకసారి విప్పిన స్క్రూ చుట్టూ రంగు చిట్లి ఉంటుంది. ఒక ప్లస్ స్క్రూ చుట్టూ రంగు చెక్కు చెదరలేదు. అంటే పుట్టుకతో వచ్చిన స్క్రూనే. కాబట్టి ఆ నాలుగంకెలు సంవత్సరం కావు. అది ఆ మోడల్‌కు కంపెనీవాళ్లు ఇచ్చిన నంబరని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ రోజు బస్సెక్కేముందు ఆమె అన్న మాటను నేను రిటైరయ్యేదాకా బడిలో నా మాటగా చెప్పుకున్నాను: "రాత అబద్ధమాడొచ్చు పిల్లా. ఇస్కూరు ఆడదు."

లేని చక్రం కోసం హైదరాబాదు వెళ్లినప్పుడల్లా పాత సామాన్ల బజారులో వెతికేది. రెండేళ్లకు ఒకటి దొరికింది. మిగతా చక్రాలకు ఇరుసు నుంచి అంచు దాకా పది ఆకులుంటే దీనికి పన్నెండు. అయినా బిగించింది. పొగగొట్టం మాత్రం ఎక్కడా దొరకలేదు. ఆఖరికి దుకాణంలో అరిగిపోయిన బాబిన్ ఒకటి తీసి, కుట్టుమిషన్‌లో అడుగు దారం చుట్టే చిన్న ఇనుప కండె అన్నమాట, దాని ఒక అంచు ఆకురాయితో సన్నగా రుద్ది, బెజ్జాలు సీసంతో పూడ్చి, నల్లరంగు వేసి ఇంజన్ నెత్తిన అతికించింది. ఎంత బాగా కుదిరిందంటే, నాకు ముందే చెప్పకపోతే నేనూ గుర్తుపట్టేదాన్ని కాదు.

ఆ దసరాకు మిషన్లన్నిటికీ బొట్లు పెట్టి చివర ఇంజన్‌కూ పెట్టింది. పొగగొట్టం కింద, ముందువైపు గుండ్రంగా తలుపులాగా ఉంటుంది చూడండి, దాని నట్టనడుమ. ఇదేం పనిముట్టు, ఏం పని చేస్తుంది అని వెక్కిరించాను. "నీ పుస్తకాలు ఏం పని చేస్తయి? ఇదీ గదే చేస్తది" అన్నది. అప్పటినుంచి ఏటా అదే చోట, అదే వేలితో. నూనె కుంకుమ కాబట్టి పాత బొట్టు పోయేది కాదు, దాని మీదే కొత్తది. ఇరవై దసరాలకు అది రంగులోకి దిగి ముదురు ఎరుపు మచ్చ అయింది.

ఆ ఇంజన్‌కు పట్టాలు లేవు. ఎప్పుడూ పట్టాల మీద నడవలేదు. వెల్లకిలా గుడ్డ మీద పడుకోబెట్టి, స్కూటర్ బ్యాటరీ నుంచి రెండు తీగలు తెచ్చి చెరో వైపు చక్రాలకు తాకించేది. చక్రాలు గాల్లో గిర్రున తిరిగేవి. అందరూ అది చూసి సంతోషపడేవారు. ఆమె చూసేది అది కాదు. తీగలు తీసేశాక చక్రాలు ఎన్ని చుట్లు తిరిగి ఆగుతాయో లెక్కపెట్టేది. పళ్లచక్రాలు అరిగినవైతే వెంటనే ఆగుతాయట. "బలం ఇచ్చినంతసేపు ఎవడైన తిరుగుతడు. తీసినంక ఎంతసేపు తిరిగిండన్నదే వాని ధర" అనేది. ఈ మాట ఆమె ఇంజన్ల గురించే అన్నది. నేను మనుషులకు వాడుకున్నాను. చాలామంది ఒక్క చుట్టు కూడా తిరగలేదు.

సెల్‌ఫోన్లు వచ్చాక జిరాక్స్ ఆమె పుణ్యమా అని పాత బొమ్మ రైళ్ల పిచ్చివాళ్ల గ్రూపు ఒకదాంట్లో మా ఆడబిడ్డ చేరింది. ఫోటోలు చూసి ఈమె చెప్తుంటే జిరాక్స్ ఆమె టైపు చేసేది. ప్రొఫైల్‌లో కుట్టుమిషన్ బొమ్మ ఉండటంతో అందరూ "సార్, మీరే చెప్పండి సార్" అనేవారు. సార్ కాదని ఎందుకు చెప్పవని అడిగాను. "సార్ చెప్తే ధర అంటరు, అమ్మ చెప్తే సలహా అంటరు" అన్నది. నేను ముప్పై ఏళ్లు స్టాఫ్‌రూములో కూర్చుని ఆ ముక్క చెప్పలేకపోయాను.

ఆమె పద్ధతి ఒక్కటే. తప్పు ముందు, ధర తర్వాత. ఒకాయన తన తాత ఇంజన్ ఫోటోలు పంపి, లక్షలు వస్తాయని ఆశపడ్డాడు. ఈమె ఫోటోను పెద్దది చేసి స్క్రూల గీతల్లోకి రంగు దిగడం చూసింది. కంపెనీ అయితే రంగు వేశాక స్క్రూ బిగిస్తుంది, ఇంట్లో రంగు వేసేవాడు బిగించిన స్క్రూ మీదే కుంచె తిప్పుతాడు. మళ్లీ రంగేసిన దానికి ధర సగం కూడా రాదని చెప్పించింది. అతను బాధపడ్డాడని తెలిసి ఇంకో ముక్క కలిపించింది: అంగట్లో దీనికి ధర లేదు, మీ ఇంట్లో ఉన్నది, అక్కడే ఉంచండి. అతను ఉంచాడో లేదో తెలియదు. పండుగలకు మాత్రం "సార్"కు శుభాకాంక్షలు పంపేవాడు.

ఇప్పుడు రాయడానికి కష్టమైన చోటికి వచ్చాను.

ఆరేళ్ల కింద మా ఆయన పోయారు. పదకొండో రోజు నన్నూ పీట మీద కూర్చోబెట్టారు. మా ఆడబిడ్డకు ఆయన సొంత తమ్ముడు. నాకంటే ఎక్కువే ఏడ్చింది. ఒక ముసలామె నీళ్ల చెంబు, గుడ్డ తెచ్చి నా ముందు పెట్టింది. అప్పుడు ఈమె గుంపును తోసుకుని ముందుకొచ్చింది.

"నా తమ్ముని పెండ్లాం నొసటికి ఎవరన్న చెయ్యి తెస్తే, గా చెయ్యి మిషన్ సూది కింద పెడ్త" అన్నది. గొంతు పెంచలేదు.

ఆచారం గదా అని ఎవరో గొణిగారు. ఈమె వంగి చెంబు ఎత్తి, నీళ్లన్నీ గటగటా తాగేసి, ఖాళీ చెంబు బోర్లించి పెట్టింది. "దూప అయితుండె" అన్నది.

అంతే. ఆ పని ఇక జరగలేదు. అన్నాలప్పుడు నేను ఆమె పక్కన చేరి, పాతికేళ్ల కిందటి ఇంకో చెంబు మాట ఎత్తబోయాను. మొదటి ముక్క కూడా పూర్తి కానివ్వలేదు. "నోర్మూస్కొని తిను పిల్లా, పప్పు సల్లగైతది" అన్నది. ఆ క్షమాపణ ఇప్పటికీ నా దగ్గరే ఉండిపోయింది.

రెండేళ్ల కింద మా మరిది ఆ ఇంజన్ ఫోటో కోదాడలో పాత వస్తువులు కొనే ఒక సేటుకు చూపించాడు. ఆ సేటు చూడగానే కుర్చీలోంచి లేచాడట. ఇంత పొట్టిగా, రెండు అంచులున్న పొగగొట్టం ఏ ఇంజన్‌కూ చూడలేదనీ, కంపెనీవాళ్లు ఏ కొన్నిటికో చేసి మానేసిన రకమై ఉంటుందనీ, మొహం మీది ఎర్ర మరక తీసేస్తే చెప్పిన ధరకు రెట్టింపు ఇస్తాననీ అన్నాడు. మా మరిది ఆ కబురు మోసుకుని మిర్యాలగూడ వచ్చాడు. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. మరక తీస్తే రెట్టింపు అక్కా, రెట్టింపు అని రెండుసార్లు చెప్పాడు. ఆమె బాబిన్‌కు దారం చుట్టుతూ తల కూడా ఎత్తలేదు.

"నా మొహం మీది మరక ఒకసారి తీసిండ్రు గద తమ్మీ. ధర పెరిగిందా?"

అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అతను వెళ్లాక, ఆ గొట్టం బాబిన్ అని చెప్పొచ్చు గదా అన్నాను. అమ్మేదానికే తప్పులు చెప్పాలి, అమ్మనిదానికి ఎవరికి జవాబుదారీ అన్నది. నవ్వు ఆపుకోలేక దారం తెంపేసుకుంది.

ఆమె పదకొండో రోజుకు మళ్లీ మిర్యాలగూడ వెళ్లాను. ఇంటి ముందు ఫ్లెక్సీ కట్టించాడు మా మరిది. ఆమెకు ఉన్న మంచి ఫోటో ఒక్కటే, ఏదో దసరా రోజు జిరాక్స్ ఆమె తీసినది. ఫ్లెక్సీలో ఆ ఫోటోనే ఉంది. నుదురు మాత్రం నున్నగా ఉంది. బాగుండదని కంప్యూటర్లో తీయించానన్నాడు. మనిషి పోయిన పదకొండో రోజు, తుడవడానికి తడిగుడ్డ కూడా అక్కర్లేని కాలంలోకి వచ్చామన్నమాట.

మా మరిది చెడ్డవాడు కాదు. ఇంజన్ అమ్మి, వచ్చిన డబ్బుతో కోదాడలో ఒక ఫంక్షన్ హాలుకు అక్క పేరు రాసిన ఫ్యాన్లు ఇద్దామనుకున్నాడు. పేరు నిలబడుతుంది వదినా అన్నాడు. ఫ్యాను రెక్క మీద పేరు తిరుగుతుంటే కనపడదు, కరెంటు పోయినప్పుడే చదవగలం. అది నేను పైకి అనలేదు, అప్పటికి.

వంటలు దించుతుండగా మా మరిది పిలిచిన కోదాడ సేటు వచ్చాడు. మర్యాదస్తుడు, అరటిపళ్లు తెచ్చాడు. ఫోటోకు దండం పెట్టాడు. తర్వాత బల్ల మీద ఇంజన్ పెట్టించుకుని భూతద్దం తీశాడు.

"ఇలాంటి గొట్టం ఉన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చండి. ఈ మరకే అడ్డం. నా దగ్గర మందుంది, రెండు నిమిషాల పని. ముందు కాస్త తుడిచి చూద్దాం" అన్నాడు. జేబులోంచి చిన్న సీసా, తెల్ల గుడ్డ తీశాడు. మందుకు ముందు గుడ్డ నీళ్లతో తడపాలి. నా పక్కన గట్టు మీద నీళ్ల చెంబు ఉంది. "అమ్మా, ఆ చెంబు ఇలా ఇస్తారా" అన్నాడు.

అతనికేం తెలుసు పాపం. చెంబు తీసుకున్నాను. ఎత్తి తాగేశాను. ఆమెలాగా గటగటా తాగడం నాకు చేతకాలేదు. సగం నీళ్లు చీర మీదే పోయాయి. దగ్గు కూడా వచ్చింది. అయినా చెంబు ఖాళీ అయింది.

"సేటుగారూ, మా ఇంట్ల ఒక పద్ధతున్నది. ముందు తప్పులు మేం చెప్తం, తర్వాత ధర మీరు చెప్పుండ్రి" అన్నాను.

కుడివైపు మధ్య చక్రం ఆకులు లెక్కపెట్టించాను. పన్నెండు. పక్కదానికి పది. అడుగున రంగు చిట్లిన స్క్రూలు రెండు చూపించాను, అవి మార్చినవి. రేకును అయస్కాంతం పట్టుకుంటుంది, ఇత్తడి అనుకునేరు అన్నాను. అతను తల ఊపుతున్నాడు. గొట్టం ఉంది గదండి అన్నాడు. జిరాక్స్ ఆమెను దుకాణంలోంచి బాబిన్ల డబ్బా తెమ్మన్నాను. ఒక బాబిన్ తీసి పొగగొట్టం పక్కన నిలబెట్టాను.

బల్ల చుట్టూ చేరిన పది మందీ రెంటినీ మార్చి మార్చి చూశారు. సేటు భూతద్దంతో చూశాడు, అది తీసేసి ఉత్త కళ్లతో చూశాడు.

"వేళ్ల మీద లెక్కపెట్టొచ్చన్నరు గద" అన్నాను. "గీ డబ్బాల వందకు పైన ఉన్నయి. అన్నిటికి ఒకటే ధర ఇస్తరా?"

మొదట జిరాక్స్ ఆమె నవ్వింది. తర్వాత సేటు కూడా నవ్వాడు. అది ఆయన మంచితనం. సీసా జేబులో పెట్టుకున్నాడు. మోసపోయేవాణ్ణండి, పెద్దమ్మ చేతిపని మాత్రం చేతిపనే అని భోజనం చేసి వెళ్లాడు.

మా మరిది మాత్రం నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచాడు.

"ఆయన అడిగిండా వదినా? అడగకముందే ఎందుకు చెప్పినవ్? అక్క పేరు నిలబడేది."

"చెప్పకుండ అమ్మితే నిలబడేదా మీ అక్క పేరు? రేపొకనాడు ఆ గొట్టం ఊడితే ఏమనుకుంటరు, మిర్యాలగూడల ఒక ముసల్ది బాబిన్ పెట్టి మోసం చేసిందంటరు."

నేనే వెళ్లి ఫ్లెక్సీ కింద కుర్చీ వేసుకుని ఎక్కాను. పర్సులో స్టిక్కర్ల అట్ట ఎప్పుడూ ఉంటుంది. డెబ్భై ఏళ్ల ఆడమనిషి కుర్చీ ఎక్కితే ఆపడానికి పది మంది పరుగెత్తుకొస్తారు. పీట మీద కూర్చోబెట్టినప్పుడు ఒక్కరూ రారు, నాతో సహా. ఆ పది మంది వచ్చేలోపల నున్నటి నుదుటి మీద ఎర్ర స్టిక్కర్ అంటించి దిగాను. కొంచెం పక్కకు పోయింది. ఆమె ఉండి ఉంటే అది కూడా ఎత్తిచూపేది.

ఇంజన్‌ను చీరముక్కలో చుట్టుకుని సూర్యాపేట బస్సెక్కాను. దుకాణం తాళం జిరాక్స్ ఆమె దగ్గరుంది. బాబిన్లు, సూదులు అడిగిన దర్జీలకు ఆమే తీసిస్తున్నది. మా మరిది ఇరవై రోజులు నాకు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. మాది అట్లాంటి కుటుంబం.

దసరా వచ్చింది. ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరగలేదు, పండుగేమిటని అన్నవాళ్లున్నారు. విధవ బొట్లు పెట్టడమేమిటని పైకి అననివాళ్లు కూడా మనసులో అనుకున్నారు. కుంకుమలో మిషన్ నూనె చుక్క వేసి కలిపాను. నా పుస్తకాలకు పెట్టాను, కత్తిపీటకు పెట్టాను. చివర ఇంజన్‌కు, ఆ గుండ్రటి తలుపు నడుమ, ఇరవై దసరాల మచ్చ మీద. వేలికి ఇంకా మిగిలింది. దాన్ని ఎక్కడ తుడవాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సాయంత్రం గేటు చప్పుడైంది. మా మరిది. చేతిలో జమ్మి. ఆ ఆకునే మేం బంగారమంటాం, దసరా నాడు పెద్దవాళ్ల చేతిలో పెట్టి కాళ్లు మొక్కుతాం. నా చేతిలో పెట్టి మొక్కాడు. నా నుదురు చూశాడు, బల్ల మీద ఇంజన్‌ను చూశాడు. నేను ఏదైనా అంటాడేమోనని రెండు మూడు జవాబులు సిద్ధం చేసుకున్నాను. అవన్నీ వృథా అయ్యాయి. అతను ఇంకో రెండు ఆకులు తుంచి ఇంజన్ ముందు పెట్టాడు.

"తిరుగుతదా వదినా ఇంకా?" అని అడిగాడు.

బయట స్కూటర్ లోంచి బ్యాటరీ అతనే ఊడదీసి తెచ్చాడు. చీరముక్క పరిచి ఇంజన్‌ను వెల్లకిలా పడుకోబెట్టాను. రైలు రాని సూర్యాపేటలో, పట్టాలు లేని ఇంజన్. తీగలు తాకించగానే ఒకసారి గుర్రుమని, చక్రాలు తిరగడం మొదలుపెట్టాయి. పన్నెండాకుల చక్రం, పదాకుల చక్రాలు కలిసే తిరిగాయి. ఏది ఏదో తెలియలేదు.

"లెక్కపెట్టు" అని చెప్పి తీగలు తీసేశాను.

అతను పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. బొట్టు తడి ఇంకా ఆరలేదు. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.